లాంచీ అడుగున దస్తీ బేరం

దయ్యాల విషయంలో నాది దుకాణదారుడి బుద్ధి. సరుకు ముందు పెట్టు, చేత్తో పట్టి చూస్తాను, తర్వాత మాట్లాడదాం అంటాను. ఇన్నేళ్లలో ఎవరూ ముందు పెట్టలేదు కాబట్టి నేనూ కొనలేదు. ఒకసారి ఓడలో మనిషి చనిపోయిన క్యాబిన్ నాకిచ్చారు. హాయిగా పడుకున్నాను. నా గురకకు నిద్ర పట్టలేదని పక్క క్యాబిన్ వాళ్లే కంప్లయింట్ చేశారు.

ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరికీ అమ్మడానికి కాదు. జరిగింది జరిగినట్టు ముందు పెడుతున్నాను. పట్టి చూసుకోండి.

మాది బోధన్. బాపుకు అక్కడ కిరాణా దుకాణం ఉండేది. పసుపు సీజన్‌లో మాత్రం దుకాణం అవ్వకు, అంటే మా అమ్మకు, అప్పజెప్పి నిజామాబాద్ మార్కెట్‌ యార్డుకు పోయి దలాలి చేసేవాడు. ఇప్పుడా దుకాణం అన్న నడుపుతున్నాడు. నేను మెరైన్ ఇంజినీరింగ్ చదివి ఓడలెక్కాను. తర్వాత రేవుల్లో ఓడలు తనిఖీ చేసే పనిలో పడ్డాను. నూనె సముద్రంలోకి పోకుండా ఏం చేస్తున్నారు, ఇంధనం అంటుకోకుండా ఎట్లా దాచారు, ఈ రెండే నేను చూసేది. పిల్లనడగడానికి పోయినప్పుడు మా మామ చాలాసేపు ఆలోచించి, "బోధన్ల ఓడలేడున్నయ్ బిడ్డా?" అని అడిగాడు. నేను చాయ్ తాగాను.

మోకాళ్లు మొరాయించాక నిజామాబాద్ వచ్చేశాను. ఇప్పుడు రిజర్వాయర్లలో తిరిగే లాంచీలు, పని పడవలు చూసి సర్టిఫికెట్ ఇస్తాను. ఓడల ముందు ఇవి బొమ్మల్లాంటివి. కానీ సముద్రంలో పడ్డ డీజిల్‌ను ఎవరూ బిందెలో పట్టుకుని తాగరు. ఈ నీళ్లు తాగుతారు.

జరిగింది పోచంపాడ్ డ్యాం దగ్గర, ఒక శుక్రవారం, పగలు పదకొండు దాటాక. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇట్లాంటివన్నీ అర్ధరాత్రే ఎందుకు జరుగుతాయని నేనే అందరినీ ఎగతాళి చేసేవాణ్ణి. ఆ రోజు మబ్బు కూడా లేదు. పొద్దున వస్తుంటే ఆర్మూర్ దాటాక రోడ్డు పక్కన పసుపు ఉడకబెడుతున్నారు, ఆ వాసన కారు అద్దాలు ఎత్తినా లోపలికొచ్చింది.

లాంచీ యజమాని గంగాధర్ సేటు. ఆర్మూర్‌లో ఎరువుల దుకాణం ఉంది. ఎక్కడో దిగువ గోదావరి మీద తిరిగిన ఇనుప లాంచీని సెకండ్‌హ్యాండ్‌లో కొని, లారీ మీద తెచ్చి, తెల్లరంగు, నీలిరంగు వేయించాడు. నన్ను చూడగానే చెరుకు రసం తెప్పించాడు. మనిషి మా జాతే అని అప్పుడే అర్థమైంది. బేరానికి ముందు తియ్యటిది తాగించడం యార్డులో దలాలి చేసిన మా బాపు అలవాటు కూడా అని ఆయనతోనే అన్నాను.

ఇంజిన్ నడిపేది సామ్యేలు. వయసులో నాకంటే పెద్ద, అందుకే సామ్యేలన్నా అనేవాణ్ణి. ఊరు డిచ్‌పల్లి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బాయిలర్ దగ్గర పనిచేశాడు. మొదటి ట్రిప్పు ఆదివారం, ఆరాధన అయిపోయాక, వాళ్ల చర్చి వాళ్లదే. నలభై మంది దాకా వస్తున్నారని, తన భార్య, కోడలు, ఇద్దరు మనవరాళ్లు అందులో ఉన్నారని నేను మెట్లు దిగుతుండగానే చెప్పాడు. మనవరాళ్లు ఇంతవరకు పడవే ఎక్కలేదట.

అంటే ఆ రోజు నేను పెట్టే సంతకాన్ని నమ్మి ఆదివారం నలభై మంది ఎక్కుతున్నారు. ఆ సంగతి నాకు తెలియకుండా లేదు. తెలిసే బేరమాడాను.

నా బేరం తరీఖా కూడా చెప్పాలి, చెప్పడానికి సిగ్గేసినా సరే. రేవుల్లో నేర్చుకున్నది. లోపాలు ఏడుంటే పదకొండు రాస్తాను. కెప్టెన్ లబోదిబోమంటాడు. నేను మెత్తబడినట్టు నటించి నాలుగు వదిలేస్తాను. ఆయనకు గెలిచినట్టు ఉంటుంది, నాకు కావలసిన ఏడూ జరిగిపోతాయి. ఇరవై ఏళ్లు ఈ ఉపాయం చూసుకుని మురిసిపోయాను. ఆ వదిలేసే నాలుగు నిజంగా వదిలేయదగ్గవేనా అని మాత్రం రానురాను చూడడం మానేశాను.

గంగాధర్ సేటు లిస్టు చదివి కళ్లజోడు తీశాడు.

"పదకొండా సార్? లాంచీ జూసిండ్రా, నా జాతకం జూసిండ్రా?"

"జాతకమైతే పేజీ సరిపోకపోయేది సేటు" అన్నాను.

సామ్యేలు నవ్వాపుకోవడానికి నీళ్ల దిక్కు తిరిగాడు.

డీజిల్ పోసే గొట్టం చుట్టూ ఒలికిన నూనె పట్టే తొట్టి లేదు. ట్యాంకు గాలిగొట్టానికి నిప్పురవ్వ చొరబడకుండా ఉండే జాలీ లేదు. డీజిల్ ఎంతుందో చూపించే గాజుగొట్టం జాగాలో ప్లాస్టిక్ పైపు కట్టారు. ఆయిల్ డ్రమ్ములు తాడు కట్టకుండా నిలబెట్టారు. ఇట్లాంటివి ఏడు. సేటు పనివాళ్లను పిలిపించి సాయంత్రంలోగా చేయిస్తానన్నాడు. మిగతా నాలుగు నేను ధారాళంగా వదిలేశాను. అందులో ఒకటి, ట్యాంకు కింది ఇనుప పలకలు లేపి అడుగు చూడడం.

లాంచీ అడుగు అంటే, నిలబడే పలకలకీ లాంచీ పొట్టకీ మధ్య జానెడు ఖాళీ. కారిన నీళ్లు, ఒలికిన నూనె అన్నీ అక్కడికే చేరతాయి. అందులో డీజిల్ చేరితే రెండు ప్రమాదాలు. అడుగు నీళ్లను దానంతటదే తోడేసే పంపు దాన్ని తీసుకుపోయి రిజర్వాయర్లో పోస్తుంది. లేదా ఇంజిన్ వేడికి అంటుకుంటుంది. కానీ పలకల స్క్రూల మీద కొత్త రంగు దట్టంగా పట్టింది. అవి ఊడదీయాలంటే సగం రోజు పని. "రంగు ఖరాబైతది సార్, నిన్ననే ఎండింది" అన్నాడు సేటు. సరే అన్నాను. చేతులు కలిపాం. బేరం అయిపోయింది.

ఇక్కడ ఆగి మా బాపు సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు.

ఆ రోజుల్లో యార్డులో పసుపు బేరాలు దస్తీ కింద జరిగేవి. ఇద్దరు చేతులు కలుపుతారు, పైన దస్తీ, అంటే చేతిరుమాలు, కప్పుతారు. ఏ వేళ్లు ఎట్లా పట్టుకుంటే ఎంత ధర అని ఒక లెక్క. లోపల వేళ్లు కొట్లాడుకుంటుంటే పైన నోళ్లు వానల గురించి, పెళ్లిళ్ల గురించి మాట్లాడుతుంటాయి. చుట్టూ నిలబడ్డవాళ్లకు ధర తెలియదు. డిగ్రీ రోజుల్లో సెలవులకు వస్తే బాపు నన్ను కూర్చోబెట్టేవాడు. తెలుగులో, మరాఠీలో, హిందీలో ముచ్చట్లు పెడుతూ వేళ్లతో పోట్లాడడం అక్కడే నేర్చుకున్నాను.

ఆ లెక్కంతా యార్డుకు తెలుసు. యార్డుకు తెలియని గుర్తు ఒకటి మా ఇద్దరి మధ్య ఉండేది. నేను బేరంలో మునిగి ఉన్నప్పుడు బాపు దస్తీ సరిచేస్తున్నట్టు వచ్చి, తన చెయ్యి లోపలికి జొనిపి, నా చూపుడువేలు, నడిమివేలు కలిపి ఒకసారి పట్టి వదిలి, బొటనవేలితో నా అరచేతి మధ్యలో నొక్కేవాడు. మూట పైన బాగుంది, అడుగున తడి ఉంది, లేచిపో అని దానర్థం. నేను ఏదో సాకు చెప్పి లేచిపోయేవాణ్ణి. ఆ నొక్కుడు మెత్తగా ఉండేది. బాపు కుడి బొటనవేలికి గోరు లేదు. నేను పుట్టకముందే బస్తాల బండి కింద నలిగి ఊడిపోయి, మళ్లీ మొలవలేదు.

బాపు పోయి పదేళ్లు దాటింది. యార్డులో దస్తీలు కూడా పోయాయి.

మళ్లీ లాంచీ దగ్గరికి. సేటు ఒడ్డు మీదికి పోయి పనివాళ్లకు ఫోన్ చేస్తున్నాడు. సామ్యేలు పైన డ్రమ్ములకు తాడు కడుతున్నాడు. నేను ఇంజిన్ గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. సర్టిఫికెట్ పుస్తకం మెట్ల మీద పెట్టి పెన్ను మూత తీశాను. ఎందుకో మనసొప్పలేదు. గొప్ప అంతర్వాణి అనుకోకండి. వదిలేసినదాన్ని ఊరికే ఒకసారి తడిమి చూస్తే పోయేదేముంది అన్న కక్కుర్తి, అంతే.

ట్యాంకు కాలి పక్కన, పంపు పైపు కిందికి దిగడానికి పలకలో ఒక కంత ఉంది. చెయ్యి మణికట్టు దాకా పడుతుంది, అంతకంటే పట్టదు. గ్లవ్ తీసేశాను. గ్లవ్ ఉంటే నీళ్లేవో నూనేదో వేళ్లకు తెలియదు. రెండు వేళ్లు రుద్దితే నీళ్లు తొలగిపోతాయి, డీజిల్ జారుతూనే ఉంటుంది. కంత అంచు కత్తిలా ఉంది, మణికట్టు కోసుకుంటుందని జేబులోంచి దస్తీ తీసి పైన కప్పాను. మోకాళ్ల మీద కూర్చుని కుడిచెయ్యి లోపలికి పెట్టాను.

వేళ్లు అడుగుకు తగలకముందే ఒక చెయ్యి నా చెయ్యి పట్టుకుంది.

చెయ్యి అనే అంటున్నాను, ఎందుకంటే ఇంకో మాట లేదు. చల్లగా లేదు. తడిగా లేదు. మామూలు మనిషి చేతికుండే వెచ్చదనం. నా చూపుడువేలు, నడిమివేలు కలిపి పట్టుకుంది.

నాకు వెంటనే భయం వేయలేదు. ఇది ఒప్పుకోవడమే కష్టం. భయం కంటే ముందు నా వేళ్లు కదిలాయి. ఎదుటివాడు వేళ్లు పట్టుకున్నాడు కదా అని, ఎన్నో ఏళ్ల కింద మానేసిన లెక్కలో, నా వేళ్లు వాటంతటవే తిరిగి బేరం మొదలుపెట్టాయి. బోధన్‌లో పుట్టినందుకు ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

అది నా బేరం పట్టించుకోలేదు. వేళ్లు వదిలేసింది. బొటనవేలు నా అరచేతి మధ్యలో గట్టిగా నొక్కింది. నొప్పి పుట్టింది. తర్వాత అక్కడ ఏమీ లేదు.

చెయ్యి లాక్కున్నాను. మోచెయ్యి ఇంజిన్‌కు కొట్టుకుంది. దస్తీ కంత మీదే ఉండిపోయింది. చెయ్యి చూసుకుంటే నూనె లేదు, నీళ్లు లేవు, పొడిగా ఉంది. అరచేతి మధ్యలో మాత్రం ఎర్రగా నెలవంక లాంటి గుర్తు.

పైనుంచి సామ్యేలు తొంగిచూశాడు. "ఏమాయె సార్? దెబ్బ దగిలిందా?"

"ఏం లేదన్నా. సేటును పిలువు. పలకలు లేపుదాం."

సేటు మెట్ల మీదే నిలబడి విన్నాడు. ముఖం ఎర్రబడింది.

"చేతులు గలిపినంక ఎనుకకు పోతరా సార్? మీ బాపు గూడ యార్డుల గిట్లనే దలాలి జేసిండా?"

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మా ఇళ్లల్లో దొంగ అన్నా ఊరుకుంటారు గానీ బేరం తప్పినవాడంటే ఊరుకోరు. బేరం కుదిరాక చెయ్యి విడిపించుకోవడం నాకు అదే మొదటిసారి. ఏం కారణం చెప్పాలి? లోపల ఎవరో చెయ్యి నొక్కారని చెప్పాలా?

"తప్పు నాదే సేటు. వదిలిపెట్టగూడనిది వదిలిపెట్టిన. అడుగు జూడంది సంతకం బెట్ట."

"అయితె ఇంకో ఇన్‌స్పెక్టర్‌ను దెచ్చుకుంట. మీరొక్కరే ఉన్నరా దునియల?"

"తెచ్చుకో. ఆయనకు గూడ గదే జెప్త."

సామ్యేలు పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని నా పక్కన కూర్చున్నాడు. సేటు దిక్కు చూడకుండానే అన్నాడు. "ఎల్లుండి నా మనుమరాండ్లు ఎక్కుతున్నరు సేటు. రంగు మళ్ల నేనే ఏస్త."

సేటు చెప్పులు విడిచి ఆయనా కిందికి దిగాడు.

మొదటి పలక లేవడానికి గంట పట్టింది. లేపగానే వాసన కొట్టింది. అడుగున నీళ్లు, వాటి మీద వేలు మందాన డీజిల్. ఇంజిన్ పొగగొట్టం ఆ పక్కనుంచే పోతుంది, దానికి చుట్టిన గుడ్డ డీజిల్ పీల్చుకుని నల్లగా ఊరి ఉంది. పైన తెల్లగా మెరుస్తున్న ట్యాంకుకు అడుగున రంగే వేయలేదు, చెయ్యి పోని చోటు కదా. సామ్యేలు టార్చి పట్టుకుని స్క్రూడ్రైవర్ కొనతో ట్యాంకు అడుగును ఊరికే తాకించాడు. కొన లోపలికి పోయింది. డీజిల్ సన్నటి ధారగా కారడం మొదలైంది.

సామ్యేలు ఆ చిల్లికి బొటనవేలు అడ్డం పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. నేనూ సేటూ కలిసి ట్యాంకును డ్రమ్ముల్లోకి తోడాం. ఎరువుల దుకాణం సేటు, తెల్ల చొక్కాతో, బకెట్లు మోశాడు. ముందుగా పంపు ఆపేశాం. పొద్దున ఒడ్డు దగ్గర నీళ్ల మీద ఏడు రంగుల తెర చూసి, ఎవరో ట్రాక్టర్ కడిగారని అనుకున్నాను. ఎన్నాళ్ల నుంచో ఆ పంపే పోస్తోంది.

ఆదివారం నలభై మందితో ఇంజిన్ రెండు మూడు గంటలు నడిస్తే ఏమయ్యేదో రాయను. జరగనిదానికి నేను సర్టిఫికెట్ ఇవ్వను.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ సామ్యేలు అడిగాడు. "మీకెట్ల దెలిసింది సార్?"

"అనుభవం" అన్నాను.

పచ్చి అబద్ధం. ఆ ఆదివారం లాంచీ ఎక్కకుండా డ్యాం ఒడ్డునే కూర్చుని తిన్నారట చర్చివాళ్లు. తినేముందు నా పేరు పెట్టి, నా అనుభవం కోసం, స్తోత్రం చెల్లించారట. సామ్యేలు ఫోన్ చేసి చెప్పాడు. నాకు మింగుడుపడలేదు. నాది కాని సరుకుకు పొగడ్త పుచ్చుకున్నట్టుంది.

ఇక నేను చేసిన విచారణ. సోమవారం మళ్లీ పోయి కంత కొలిచాను, ఆ కింది ఖాళీ కొలిచాను. పిల్లవాడు కూడా పట్టడు. నేను చెయ్యి పెట్టినప్పుడు సామ్యేలు నాకు పైన కనిపిస్తూనే ఉన్నాడు, సేటు ఫోన్లో అరుస్తున్న గొంతు ఒడ్డు నుంచి వినిపిస్తూనే ఉంది. పంపు పైపు కాదు, దాన్ని ఎడమచేత్తో పక్కకు పట్టుకునే ఉన్నాను. డీజిల్ ఆవిరికి తల తిరిగిందంటారా, గ్యాస్ మీటర్ నా బెల్టుకే ఉంది, కూతపెట్టలేదు. డాక్టరు నా చేతి నరాలు చూసి తన వాటికంటే బాగున్నాయన్నాడు.

గుర్తును ఫోన్లో ఫోటో తీశాను. నా ఫోటోల సంగతి ఏం చెప్పను, ఏది చేతిరేఖో ఏది గుర్తో తెలియడం లేదు. కానీ శుక్రవారం రాత్రి అన్నం పెడుతూ నా భార్య చూసింది. "ఎవ్వలు గిచ్చిన్రు?" అని అడిగింది. తెల్లారేసరికి ఆ గుర్తు పోయింది.

తర్వాత బోధన్ పోయాను. దుకాణంలో అన్నను అడిగాను, బాపు నీకు దస్తీ కింద ఏదైనా గుర్తు నేర్పాడా, అరచేతిలో నొక్కే గుర్తు అని. అన్న చక్కెర కట్టడం ఆపి నన్ను చూశాడు.

"నాకెన్నడు జెప్పలే" అన్నాడు. "నీకు జెప్పిండా?"

ఆ ప్రశ్నకు ఆయన ముఖం చూడలేకపోయాను. అవ్వకు కూడా తెలియదు. యార్డులో మిగిలిన ఇద్దరు ముసలి దలాల్లను కలిశాను. లెక్కంతా చెప్పారు, ఆ గుర్తు మాత్రం వాళ్లెరుగరు. అంటే అది తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకడు కంత పైన మోకాళ్ల మీద ఉన్నాడు.

ఇంకేముంది, బాపే వచ్చాడు అంది నా భార్య. అవ్వ కూడా అదే అని కళ్లు తుడుచుకుంది. ఒప్పేసుకుంటే నాకూ సుఖంగా ఉండేది. సామ్యేలు ఇంటికి పోతే మనవరాళ్లు నా కాళ్ల చుట్టూ తిరుగుతున్నప్పుడు చాలాసార్లు ఒప్పేసుకుందామనే అనుకున్నాను.

కానీ సరుకు పట్టి చూడకుండా కొనే అలవాటు నాకు లేదు. ఇప్పుడు పలకలన్నీ లేపించనిదే సంతకం పెట్టను, పదకొండు రాసి ఏడు చేయించే తరీఖా మానేశాను. ఇప్పటికీ ఒక్కోసారి అరచెయ్యి వెలుతురుకు పెట్టి చూసుకుంటాను. గుర్తు మా బాపుదే. ఆ గుర్తు పెట్టిన బొటనవేలికి మాత్రం గోరుంది.